ఫ్లాట్‌హెడ్ కోసం ఎక్కడ నిలబడాలి? గోదావరి డెల్టాలో రేవు, మొగ, బీచ్, పాయ గట్ల పోలిక

కాకినాడ నుంచి పేరుపాలెం దాకా ఉన్న తీరంలో కొత్తగా గాలం పట్టినవారు ముందుగా అడిగేది ఏ కర్ర కొనాలి, ఏ రీలు కొనాలి అని. ఫ్లాట్‌హెడ్ అనే చేప కోసం వెళ్ళేవారికి అది రెండో ప్రశ్న. చేతిలో ఎంత ఖరీదైన కర్ర ఉన్నా తప్పు చోట, తప్పు వేళ నిలబడితే పొద్దుగూకే దాకా జెల్లలు తప్ప ఏమీ తగలవు. చోటూ వేళా కుదిరితే చెక్క ముక్కకు చుట్టిన నైలాన్ తాడుకు కూడా అదే చేప పడుతుంది. అందుకే ఈ పోలికలో ఎక్కువ భాగం చోటు గురించే. కర్ర, ఎర సంగతి తర్వాత వస్తుంది.

ఈ చేపను ఒకసారి చూసినవారు మరిచిపోరు. తల మొసలి తలలా చదునుగా, వెడల్పుగా ఉంటుంది. కళ్ళు పైకి చూస్తుంటాయి. కింది దవడ పై దవడను దాటి ముందుకు పొడుచుకొస్తుంది. మన తీరంలో దొరికే రకాల్లో పెద్దగా పెరిగేది ప్లాటిసెఫాలస్ ఇండికస్. తోక మీద నల్లని పట్టీలు, వాటి మధ్య పసుపు మచ్చ ఉంటే అదే. ఒడ్డున తగిలేవి మాత్రం ఎక్కువగా మూరెడు లోపే ఉంటాయి. దీనికి గాలితిత్తి లేదు కాబట్టి నీటి మధ్యలో తేలుతూ తిరగదు. ఇసుకలోనో మెత్తని బురదలోనో ఒళ్ళు కప్పుకుని, కళ్ళు మాత్రం బయట పెట్టి పడుకుంటుంది. ముందు నుంచి పోయే రొయ్యనో పిల్లచేపనో ఒక్క దూకులో నోట వేసుకుంటుంది. ఎరను తరుముకుంటూ దూరం పోయే అలవాటు దానికి లేదు. ఎక్కడ నిలబడాలి, ఎప్పుడు వెళ్ళాలి, గాలాన్ని ఎలా లాగాలి అన్న మూడింటికీ జవాబు ఈ ఒక్క స్వభావంలోనే ఉంది.

## చోటును దేనితో కొలవాలి

మొదటిది నేల. అంతా ఒకే లోతున్న చదునైన ఇసుక మీద చేప ఎక్కడైనా ఉండవచ్చు, ఎక్కడా ఉండకపోవచ్చు. వెతకవలసింది అంచును. మేట ముగిసి లోతు మొదలయ్యే చోటు, ఇసుక బురదలో కలిసే చోటు, చిన్న పాయ పెద్ద పాయలో పడే చోటు చూడాలి. పాటు (పోటు తర్వాత నీరు వెనక్కి తగ్గడం) పూర్తిగా దిగిన వేళ మొగ (నది సముద్రంలో కలిసే చోటు) లోపలి ఇసుక మేట మీద ఒకసారి నడవండి. తడి ఇసుకలో ముందు వెడల్పుగా, వెనక సన్నగా సాగిన పల్లాలు కొన్ని కనిపిస్తాయి. లోతు వేలి మందం మించదు. చేప పడుకుని లేచిన అచ్చు అది. వెడల్పు వైపు తల, సన్నని వైపు తోక. తల ఎటు ఉందో చూస్తే ఏ వైపు నుంచి వచ్చే నీటికి అది కాపు కాసిందో తెలిసిపోతుంది. అంచులు పదునుగా ఉంటే ఆ అచ్చు కొత్తది, కరిగి గుండ్రబడితే పాతది. కొత్త అచ్చులు నాలుగైదు ఒకేచోట కనిపిస్తే మళ్ళీ పోటు వచ్చి తిరిగి పాటు పట్టే వేళకు ఆ చోటికే గాలం వేయాలి. ఇంతకు మించిన సమాచారం ఏ పరికరమూ ఇవ్వదు.

రెండోది నీటి కదలిక. కాకినాడ వద్ద అమావాస్య, పౌర్ణమి రోజుల్లోనూ ఆటుపోట్ల తేడా సుమారు మీటరున్నరే. అయినా ఆ కాస్త నీరే ఇక్కడ అంతా నడిపిస్తుంది. పోటు నిండినప్పుడు రొయ్యలు, కొయ్యింగ పిల్లలు మడ చెట్ల వేళ్ళలోకి, గడ్డిలోకి, లోతులేని మేటల మీదకి ఎక్కుతాయి. వాటి వెనకే ఫ్లాట్‌హెడ్ కూడా చెల్లాచెదురవుతుంది. పాటు పట్టాక నీటితోపాటు ఆ చిన్న ప్రాణులన్నీ ఇరుకు దారుల గుండా దిగక తప్పదు. ఆ దారుల మూతి దగ్గర ఫ్లాట్‌హెడ్ ఇసుక కప్పుకుని పడుకుని ఉంటుంది. పాటులో చివరి సగం, మళ్ళీ పోటు తిరిగిన తొలి అరగంట అన్నిటికంటే మంచి వేళలు. పోటుకూ పోటుకూ మధ్య సుమారు పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు పడుతుంది. అంటే పోటు వేళ రోజుకు దాదాపు యాభై నిమిషాలు ఆలస్యమవుతుంది. ఫోన్లో కాకినాడకు చూపించే వేళలు సముద్రపు ఒడ్డువి. నది లోపలికి పోయే కొద్దీ పాటు ఆలస్యంగా దిగుతుంది. ఎంత ఆలస్యమో మీ రేవులో పడవ నడిపేవారిని అడగండి.

మూడోది ఉప్పు. జూలై నుంచి సెప్టెంబరు దాకా ధవళేశ్వరం బ్యారేజీ గేట్లు ఎత్తి వరద వదులుతుంటే ఎర్రనీరు మొగల దాకా దిగుతుంది. పులస కోసం అందరూ నది వైపు చూసే నెలలవి. ఫ్లాట్‌హెడ్ కోసం మాత్రం అప్పుడు మొగలను, పాయలను వదిలేయాలి. వరద తీసి, నీరు తేరుకుని, ఉప్పు మళ్ళీ పైకి ఎక్కాక ఆ చోట్లు పనికొస్తాయి. నవంబరులో తుఫాను హెచ్చరికలు లేని రోజులు చూసుకుని మొదలుపెడితే మే దాకా అనుకూలమే.

ఇక చేపను పైకి ఎలా తెస్తారు, మీతో ఎవరు వస్తారు అన్నవి ఇంట్లోనే తేల్చుకోవలసిన సంగతులు. ఒడ్డు వాలుగా ఉంటే చేపను ఇసుక మీదకి జార్చవచ్చు. గట్టు మనిషెత్తు ఉంటే దాని బరువంతా తాడు మీద పడుతుంది. పిల్లలో పెద్దవారో తోడుంటే మొగ కొన దగ్గరి మేటలు వారికి తగిన చోటు కాదు.

## నాలుగు చోట్లు, ఒక్క చూపులో

| చోటు | నేల | మంచి వేళ | చేపను పైకి తేవడం | జాగ్రత్త పడవలసింది |
|---|---|---|---|---|
| పంటు (జనాన్ని నది దాటించే పడవ) రేవులు, జెట్టీలు | స్తంభాల చుట్టూ గుంటలు, బురద కలిసిన ఇసుక | పాటు, పొద్దు వాలాక కూడా | కష్టం, వల కావాలి | పడవల రాకపోకలు, తాడు చిక్కుకోవడం |
| నది మొగ, లోపలి వైపు | మేటలు, నిటారు అంచులు | పాటు చివరి సగం | తేలిక, ఇసుక మీదకి జారుతుంది | ఒరవడి, తెగిపడే అంచులు, టేకు చేపలు (తోకలో ముల్లున్నవి) |
| సముద్రపు బీచ్ | పొడవాటి ఇసుక, అక్కడక్కడ పల్లాలు | తెల్లవారుజాము, కెరటం తగ్గిన రోజు | ఓ మాదిరి | లోపలికి లాగే నీరు, దూరం విసరాల్సి రావడం |
| పాయల, మురుగు కాలువల గట్లు | మెత్తని బురద, చిన్న మూతులు | పాటు మొదటి నుంచి చివర దాకా | గట్టు ఎత్తును బట్టి | జారే బురద, చెరువుల నీరు వదిలిన రోజు |

## మొగ: ఎక్కువమందికి నా మొదటి సలహా

అంతర్వేది దగ్గర వశిష్ట, ఓడలరేవు దగ్గర వైనతేయ, భైరవపాలెం దగ్గర గౌతమి సముద్రంలో కలుస్తాయి. మూడు చోట్లా వెళ్ళవలసింది కెరటాలు విరిగే కొనకు కాదు. అక్కడి నుంచి లోపలికి వచ్చి, నది వైపు వాలిన మేట మీద నిలబడాలి. బయట కెరటం ఎంత ఉన్నా లోపల నీరు నిలకడగా పారుతుంది. ఎర నేల మీద ఉన్నదీ లేనిదీ చేతికి తెలుస్తుంది. గాలాన్ని ఒరవడికి కాస్త ఎదురుగా, పై వైపుకు విసిరి, సీసం గుండు అంచు మీదుగా దొర్లుతూ కిందికి దిగేలా వదలండి. నీరే ఎరను చేప ముందుకు తీసుకుపోతుంది. చేప పట్టినప్పుడు టప్‌మని ఒక దెబ్బ తగులుతుంది, ఆ తర్వాత బరువు. దెబ్బ తగిలిన వెంటనే గుంజకూడదు. అది ఎరను అడ్డంగా పట్టుకుని ఉంటుంది, సరిగ్గా నోట్లోకి తిప్పుకోవడానికి రెండు మూడు క్షణాలు కావాలి. బరువు నిలకడగా తగిలాక గట్టిగా లాగితే గాలపు ముల్లు దవడలో దిగుతుంది. పైకి వచ్చే ముందు చేప తలను అటూ ఇటూ విదిలిస్తుంది. చాలా చేపలు తప్పిపోయేది అక్కడే. తాడు సడలనివ్వకుండా, తలను నీటి పైకి ఎత్తకుండా వెనక్కి నడుస్తూ ఇసుక మీదకి జార్చేయండి.

మొగలో రెండు లోపాలున్నాయి. ఒకటి, ప్రతి వరదకూ మేటలు జరుగుతాయి. నిరుడు చేపలు ఇచ్చిన అంచు ఈ ఏడు ఉంటుందన్న నమ్మకం లేదు. అక్టోబరు దాటాక మళ్ళీ నడిచి చూసుకోవలసిందే. రెండోది ప్రమాదం. పాటు జోరు మీద ఉన్నప్పుడు మేట అంచు కాలి కింద నుంచే కోసుకుపోతుంది. మోకాలు దాటిన నీటిలోకి దిగవద్దు, ఒంటరిగా వెళ్ళవద్దు. మేట మీదకి వెళ్ళే దారి పోటుకు మునిగిపోతుందేమో ముందే కనుక్కోండి. నీటిలో నడిచేటప్పుడు అడుగు ఎత్తి వేయకుండా ఇసుకను రాసుకుంటూ జరపాలి. అలా చేస్తే ఇసుకలో పడుకున్న టేకు చేప అదిరి పక్కకు తప్పుకుంటుంది, ముల్లు కాలిలో దిగదు.

అంతర్వేదికి వెళ్ళేవారు మాఘమాసంలో లక్ష్మీనరసింహస్వామి కల్యాణం రోజులు వదిలేయండి. అన్నాచెల్లెళ్ళ గట్టు వైపు జనం కిటకిటలాడుతుంటే గాలం విసరడం ఎవరికీ మంచిది కాదు.

## పంటు రేవు, జెట్టీ

నర్సాపురం, సఖినేటిపల్లి మధ్య పంటు తిరిగే రేవుల్లాంటివి, నది ఒడ్డున పడవలు కట్టే చిన్న జెట్టీలు ఈ కోవలోకి వస్తాయి. సముద్రానికి కాస్త ఎగువన ఉన్న రేవుల్లో ఉప్పు బాగా ఎక్కే వేసవిలోనే ఆశ పెట్టుకోవాలి. పోర్టు లోపలి వార్ఫుల ఊసే వద్దు, వాటిలోకి బయటివారికి ప్రవేశం ఉండదు.

రేవుకు ఉన్న గొప్ప సుఖం ఏమిటంటే నీరు ఎక్కడ లోతుందో వెతకనక్కర్లేదు. పడవలు తిరిగే దారి, స్తంభాల వెనక ఒరవడి తవ్విన గుంట ఎప్పుడూ అక్కడే ఉంటాయి. దూరం విసరడం రానివారికీ, మోకాళ్ళ నొప్పులున్న పెద్దవారికీ ఇంతకంటే మంచి చోటు లేదు. కూర్చోవచ్చు, నీడ ఉండవచ్చు, టీ కొట్టు దగ్గర ఉంటుంది. కొత్తవారు చేసే పొరపాటు ఒక్కటే: ఎరను స్తంభం పక్కనే వేలాడదీసి గంటల తరబడి కూర్చోవడం. స్తంభాన్ని అంటుకుని ఉండేవి వేరే చేపలు. ఫ్లాట్‌హెడ్ కోసం స్తంభానికి కొన్ని బారల దూరంలో, ఒరవడి దిగే వైపు గుంట ముగిసి ఇసుక మళ్ళీ ఎత్తు పెరిగే చోట ఎర ఉండాలి. అర నిమిషానికోసారి మూరెడు తాడు లాగి ఆపాలి.

ఇక్కడ ఇబ్బంది చేపను పైకి తేవడంలో ఉంది. నోరు వెడల్పు, విదిలింపు గట్టిది కాబట్టి తాడుతో నేరుగా పైకి లాగితే సగం దారిలో ముల్లు ఊడుతుంది. ఇనుప రింగుకు కట్టిన గుండ్రటి వలను తాడుతో నీటిలోకి దించి, చేపను అందులోకి నడిపించి ఎత్తాలి. వల పట్టుకునే తోడు మనిషి లేకపోతే రేవు కంటే మొగే మేలు. పంటు వచ్చే వేళ గాలాలు తీసేయడం మరిచిపోవద్దు. రేవు బతుకుతెరువుగా ఉన్నవారికి అడ్డం కాకుండా ఉంటేనే మరునాడు కూడా మనకు అక్కడ చోటు.

## సముద్రపు బీచ్, ఉప్పాడ రాళ్ళ గట్టు

పేరుపాలెం, ఎస్. యానాం, కాకినాడ బీచ్ లాంటి తెరిచిన తీరాలు చూడ్డానికి ఎంత ఆకర్షణగా ఉన్నా ఫ్లాట్‌హెడ్ కోసం వాటిని నేను మూడో స్థానంలో పెడతాను. కెరటం ఇసుకను కలబెడుతుంటే చేప కెరటాల రేఖకు అవతలి పల్లంలోనే పడుకుంటుంది. అక్కడి దాకా విసరడానికి పది పన్నెండు అడుగుల కర్ర, బరువైన గుండు తప్పవు. వరద నెలల్లో మాత్రం ఈ లెక్క మారుతుంది. మొగలకు దూరంగా, నీరు ఎర్రబడని బీచ్ ఒక్కటే అప్పుడు మిగిలే దారి. ఎండ ఎక్కక ముందు ఒడ్డున నిలబడి కెరటాలు విరగకుండా సాగిపోయే జాగా ఎక్కడుందో గమనిస్తే అదే లోతు. గాలం దాని అంచుల్లో పడాలి. అలా కెరటం విరగని చోటే నీరు లోపలికి లాగే చోటు కూడా, అందులో దిగవద్దు. కార్తీకమాసంలో పేరుపాలెం వనభోజనాల జనంతో నిండిపోతుంది, ఆ ఆదివారాలు మానుకోండి.

ఉప్పాడ వైపు తీరం కోతకు గురై రాళ్ళు పేర్చి ఉంది. ఆ రాళ్ళలో గుండ్లు, ముళ్ళు పోగొట్టుకోవడం మామూలే. రాళ్ళ కాలి దగ్గర ఇసుక మొదలయ్యే అంచు మంచిదే గానీ నాచు పట్టిన రాళ్ళ మీద నుంచి చేపను దించుకోవడం పిల్లలకు, కొత్తవారికి పనికిరాదు. అల్పపీడనం పట్టినప్పుడు కెరటాలు బీచ్ రోడ్డునే కొడతాయి. ఆ రోజుల్లో అటు పోవద్దు.

## పాయల గట్లు

గంట సేపు తీరిక దొరికినవారికి ఇవే. కోనసీమలో ఊరి చివర మురుగు కాలువ పెద్ద పాయలో పడే చోటు, యానాం చుట్టూ గౌతమి ఒడ్డు ఈ రకానివి. పాటు వేళ చిన్న కాలువ మూతిలోంచి నీరు సన్నగా దిగుతుంటే, ఆ ధార పెద్ద నీటిలో కలిసి నెమ్మదించే జాగాలో ఎర వేయండి. వేటంతా పది బారల లోపే జరుగుతుంది, కాబట్టి చేతి గాలం చాలు. చేపలు ఇక్కడ చిన్నవి, వదిలేయవలసినవే ఎక్కువ. రొయ్యల చెరువుల గట్లు సొంతదారులవి, అడిగి వెళ్ళాలి. చెరువు నీరు కాలువలోకి వదిలిన రోజు అక్కడ గాలం వేయడం దండగ.

కోరింగ అభయారణ్యం లోపలి మడ పాయలు, హోప్ ఐలాండ్ ఈ లెక్కలో లేవు. అవి వన్యప్రాణుల కోసం కాపాడుతున్న చోట్లు. వాటిని వదిలేయండి.

## కర్రా, చేతి గాలమా?

రేవుకు, పాయకు చేతి గాలం ఏ విధంగానూ తక్కువ కాదు. తాడు వేలి మీద ఉంటుంది కాబట్టి కాటు నేరుగా తెలుస్తుంది. ఖర్చు చాలా తక్కువ. అర మిల్లీమీటరు మందం తాడు చేతిని కోయకుండా ఉంటుంది. మొగలో, బీచ్‌లో మాత్రం రీలున్న కర్ర కావాలి. విసిరే దూరం కోసం ఒక కారణం, చేప విదిలించినప్పుడు కర్ర వంగి ముల్లును కాపాడడం రెండో కారణం. ఒకే కర్ర కొనగలిగితే ఏడెనిమిది అడుగులది, మూడు వేల సైజు రీలుతో కొనండి. రేవుకూ మొగకూ రెండిటికీ సరిపోతుంది. బీచ్ కోసమని పన్నెండు అడుగులది ముందుగా కొంటే మిగతా మూడు చోట్లా చేతులు నొప్పి పుడతాయి.

కర్ర ఏదైనా చివరి రెండు మూరలు మాత్రం మందమైన తాడు కట్టండి. ఈ చేప పళ్ళు చిన్నవే అయినా ఆకురాయిలా తాడును అరగదీస్తాయి. గుండు తాడు మీద జారేలా ఉండాలి, కదలకుండా కట్టేస్తే ఎర నోట పెట్టుకున్న చేపకు బరువు తగిలి వదిలేస్తుంది.

## ఎర: బతికినదా, ముక్కా, రబ్బరా?

బతికిన రొయ్య, వేలెడు కొయ్యింగ పిల్ల అన్నిటికంటే మేలు. విసురు వల వేయడం వచ్చినవారికి ఎర అక్కడికక్కడే దొరుకుతుంది. రొయ్యను తోక చివర గుచ్చితే చాలాసేపు బతికి కాళ్ళాడిస్తుంది. రేవు బజారులో కొన్న కవళ్ళు, నెత్తళ్ళు సులువైన దారి. వాటిని పొడవాటి పీలికలుగా కోసి ఒక చివర మాత్రమే గుచ్చాలి, రెండో చివర నీటిలో ఆడాలి. ముక్క ఎరకు ఉన్న పెద్ద లోపం జెల్లలు, పీతలు. కదలకుండా వదిలేస్తే ఫ్లాట్‌హెడ్ కంటే ముందు అవే వస్తాయి. జబ్బు తగిలి చచ్చిన చెరువు రొయ్యను ఎరగా వాడవద్దు. తెల్లమచ్చల వైరస్ పాయల్లోని రొయ్యలకూ, అక్కడి నుంచి పక్క చెరువులకూ పాకుతుంది.

మూడు నాలుగు అంగుళాల రబ్బరు చేపపిల్లను బరువున్న ముల్లుకు తొడిగి, నేలను తాకనిచ్చి, కర్ర కొనతో ఎత్తి మళ్ళీ పడనిచ్చే పద్ధతి ఆస్ట్రేలియాలో ఈ చేపకు బాగా వాడుకలో ఉంది. జెల్లల బెడద తగ్గుతుంది, చేతికి వాసన అంటదు, గంటలో చాలా జాగా వెతకవచ్చు. అయితే నీరు బురదగా ఉన్నప్పుడు అది పెద్దగా పనిచేయదు. చలికాలం తేటనీటిలో మొగ దగ్గర రబ్బరు, మిగతా అన్ని చోట్లా అన్ని వేళలా రొయ్య అని నా అభిప్రాయం.

## ఎవరికి ఏది

పిల్లలతో వెళ్ళే కుటుంబానికి రేవు, చేతి గాలం, కవళ్ళ పీలికలు. మొదటిసారి కర్ర కొన్న యువకుడికి తోడు మనిషితో మొగ, రొయ్య. సాయంత్రం పని ముగించుకుని వచ్చేవారికి ఊరి పక్క పాయ. ఏకాంతం కోరుకునేవారికీ, చేప పడినా పడకపోయినా బాధ లేనివారికీ బీచ్. తినడానికి రెండు మంచి చేపలు కావాలనుకునేవారు మాత్రం పాటు పొద్దున్నే పూర్తయ్యే రోజులు చూసుకుని మొగకే వెళ్ళాలి.

ఏవి ఉంచుకోవాలన్న దానికి కూడా ఒక లెక్క ఉండాలి. ఆస్ట్రేలియాలోని క్వీన్స్‌లాండ్‌లో డస్కీ ఫ్లాట్‌హెడ్ అనే రకం 40 సెంటీమీటర్ల కంటే చిన్నదైతే వదిలేయాలి, 75 దాటితే కూడా వదిలేయాలి. ఆ పెద్దవి దాదాపు అన్నీ గుడ్లు పెట్టే ఆడచేపలు. మన దగ్గర ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా ఉండే నిషేధం మోటారు పడవల వేటకు సంబంధించినది. గాలానికి పడ్డ చిన్నవాటిని నీటిలో వదలడం మనంతట మనం చేయవలసిన పని. జానెడున్నర లోపు చేపలో కూరకు వచ్చే కండ కూడా ఉండదు.

వదిలినా ఉంచుకున్నా పట్టుకునే తీరు తెలియాలి. మొప్పల మూతకు ముందు రెండు వైపులా పదునైన ముళ్ళుంటాయి, చేప తల విదిలిస్తే అరచేయి చీరుతుంది. తడి గుడ్డ తల మీద కప్పి, మొప్పల వెనక నుంచి మెడను గట్టిగా అదిమి, రెండో చేత్తో పొడవాటి పట్టకారుతో ముల్లు తీయండి. నోట్లో వేలు పెట్టి ఎత్తవద్దు. జెల్ల ముల్లో టేకు ముల్లో గుచ్చుకుంటే ఆ భాగాన్ని ఓర్చుకోగలిగినంత వేడినీటిలో ఉంచితే నొప్పి తగ్గుతుంది. నీరు చర్మం కాలేంత వేడిగా ఉండకూడదు. టేకు ముల్లు లోతుగా దిగితే మాత్రం నొప్పి తగ్గిందని ఊరుకోకుండా నేరుగా ఆసుపత్రికి వెళ్ళాలి. ముల్లు ముక్క లోపలే విరిగి ఉండిపోయే అవకాశం ఉంది.